ఒకే నోట రెండు గాలులు

ఆ ఉగాదికి మా ఇంటి పచ్చడిలో వేపపువ్వు రెండుసార్లు పడింది. ఒకసారి నేను వేశాను. నేను వేసిన సంగతి తెలియక మా అత్తయ్య పైడమ్మ గారు ఇంకోసారి వేశారు. చెంచాడు నోట్లో పెట్టుకున్న ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. మా లాస్య ఆరేళ్ల పిల్ల, దానికి మర్యాదలతో పని లేదు కాబట్టి సింకు దగ్గరికి పరిగెత్తింది. మా ఆయన సన్యాసిరావు మాత్రం గిన్నె మొత్తం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "బాగుంది హైమా. అన్నీ ఒకటే రుచి" అన్నాడు.

"సూసేవేటమ్మా" అని అత్తయ్య నా వైపు తిరిగారు. "ఆరు రుచులూ ఒకటేనంట. మా మావ పేరు పెట్టినందుకు నిలబెట్టీసినాడు."

నేనూ నవ్వాను. నవ్వడమే కాదు, లోపల్లోపల కాస్త గర్వపడ్డాను కూడా. అప్పటికి కొన్నాళ్లుగా ఆయన బాగా మారిపోయాడు. చన్నీళ్లు తోడినా వేణ్ణీళ్లు తోడినా మాట్లాడకుండా స్నానం చేసి వచ్చేవాడు. మద్దిలపాలెం జంక్షన్లో ఆటో అడ్డంగా దూరినా హారన్ కొట్టేవాడు కాదు. కరెంటు పోయి అందరం చెమటలతో అల్లాడుతుంటే తను గోడకి ఆనుకుని హాయిగా కూర్చునేవాడు.

వేడినీ చలినీ, సుఖాన్నీ కష్టాన్నీ ఒకేలా చూసేవాడే గొప్పవాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లం. కూరలో ఉప్పు తక్కువైందని అరవకపోతేనే మన ఇళ్లల్లో మగవాడు సగం ఋషి కింద లెక్క. ఇంకెక్కడైనా అయితే ఏ భార్య అయినా మొదటి వారమే ఆస్పత్రికి లాక్కెళ్లేది. నేను మా అక్కకి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను.

ఆయనా నేనూ పని చేసేది ఒకే చోట. ల్యాబులో ఆయన్ని సన్నీ అంటాను, ఇంట్లో అత్తయ్య ముందు ఏవండీ అంటాను. భీమిలి రోడ్డు మీద, సముద్రం కనిపించే ఒక చిన్న కొండ మీద ఉంటుంది మా ల్యాబు. దాని పెద్ద ఆచార్య భ్రమరాంబ గారు. జుట్టు మొత్తం తెల్లబడినా, ఆవిడ నడుస్తుంటే వెనక పరిగెత్తాల్సింది మేమే.

మేము చేరిన మొదటి రోజే ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి ముగ్గురు మనుషుల గురించి చెప్పారు. రెండున్నర వేల ఏళ్ల కిందట మిలెటస్ అనే గ్రీకు రేవు పట్టణంలో ఉండేవాళ్లు. దేవుళ్ల ఊసెత్తకుండా, ఈ లోకమంతా మొదట దేనిలోంచి వచ్చిందని అడిగినవాళ్లు. పెద్దాయన థేలీజ్, నీళ్లలోంచి అన్నాడు. "రేవు ఊళ్లో పుట్టినవాడు ఇంకేమంటాడు? మన వైజాగులో పుట్టినా అదే అనేవాడు" అని మేడం నవ్వారు.

ఆయన శిష్యుడు అనాక్సిమాండర్ అంటే మాత్రం ఆవిడకి ప్రాణం. నీరూ కాదు, నిప్పూ కాదు, ఏ గుణమూ లేని, ఎల్లలు లేని పదార్థం ఒకటి ముందు ఉందన్నాడట అతను. అందులోంచి మొట్టమొదట వేడీ చల్లనా విడిపోయాయి, తర్వాత మిగతావన్నీ విడిపోతూ వచ్చాయి. మూడోవాడు అతని శిష్యుడు అనాక్సిమెనీజ్. అన్నిటికీ మూలం గాలి అన్నాడు. ఇతని పేరు వస్తే మేడం ముఖం చిట్లించేవారు. "గురువు అంత ఎత్తుకి తీసుకెళ్తే, వీడు గాలీ ఊపిరీ అంటూ మళ్లీ కిందికి దిగాడు. ప్రతి మంచి మాస్టారికీ ఇలాంటి శిష్యుడొకడు తగులుతాడు."

ఆ రెండోవాడు చెప్పిన పదార్థాన్నే భ్రమరాంబ గారు తయారు చేశారు. ఎలాగన్నది చెప్పడానికి నాకు అనుమతి లేదు. చెప్పినా మీకు నిద్రొస్తుంది. ఫుట్‌బాల్ అంత క్వార్ట్జ్ గోళం, లోపల గాలనేది లేదు. నడిమధ్య, దేనికీ ఆనకుండా వేలాడే ఒక్క చుక్క. గోళంలోకి పిసరంత గాలి కూడా పోకుండా చూడటం నా ఉద్యోగం. ఆ చుక్కని రోజంతా కనిపెట్టి ఉండటం సన్యాసిరావు ఉద్యోగం.

చుక్క పుట్టిన రోజున దాని దగ్గరికి సన్నటి థర్మామీటరు పంపాం. అది సున్నా చూపించలేదు, ఎక్కువా చూపించలేదు, తక్కువా చూపించలేదు. దాన్ని బయటికి తీసి మరుగుతున్న టీలో పెట్టినా అంతే. దానికి వేడీ చల్లనా తేడా తెలియడం మానేసింది. దీపం వేస్తే చుక్క వెలగలేదు, ఆర్పితే నల్లబడలేదు. మేడం కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది ఆ రోజే.

ఇక మిగిలిన పని, ఆ చుక్క తనంతట తాను రెండుగా విడిపోయేలా చేయడం. అంటే సృష్టి మొదలవడం ఎలా ఉంటుందో ఒక్కసారి కంటితో చూడటం. ఒక వైపు వేడి పలక పెట్టాం, మరో వైపు మంచు పెట్టాం. రెంటినీ చుక్క మింగేసి ఊరుకుంది. ఎన్ని రకాలుగా చేసినా అదే వరస.

ఉగాది వెళ్లిన కొద్దిరోజులకి, ఒక ఆదివారం పొద్దున, సన్యాసిరావు స్టవ్ మీద పొంగుతున్న పాలగిన్నెని ఉత్త చేత్తో దించాడు. పట్టకారు పక్కనే ఉంది. గిన్నె పట్టుకుని, లాస్యతో ఏదో మాట్లాడుతూ, హాల్లో ఉన్న బల్ల దాకా నడిచాడు. కమురు వాసన వస్తే నేను పాలు మాడాయనుకున్నాను. మాడింది ఆయన అరచెయ్యి.

డాక్టరు సూదితో పొడిచి చూశాడు, కరెంటు పెట్టి చూశాడు. నరాలన్నీ శుభ్రంగా ఉన్నాయన్నాడు. "మండుతోందా?" అని అడిగితే సన్యాసిరావు కాసేపు ఆలోచించి, "ఏదో ఉంది" అన్నాడు. ఐసు ముక్క పెట్టి అడిగినా "ఏదో ఉంది" అనే అన్నాడు. రెండూ వేరని మాత్రం అనలేదు.

అప్పుడు నాకు భయమేసింది. అంతవరకు నేను గొప్పలు చెప్పుకున్నదంతా వరసగా గుర్తొచ్చి సిగ్గేసింది కూడా.

తర్వాత ఒక్కొక్కటే పోవడం మొదలైంది. మెట్లు ఎక్కబోయి దిగేవాడు. మధ్యాహ్నం పూట లైటు వేసుకుని, దీపాలవేళకి గాగుల్స్ పెట్టుకునేవాడు. చెప్పులు ఏ కాలివి ఏ కాలికో తెలిసేది కాదు. అత్తయ్యని అమ్మా అని పిలిచేవాడు, కూరలమ్మే ఆవిడనీ అలాగే పిలిచేవాడు. మన ఊళ్లలో అందరినీ అమ్మా అనే అంటాం కాబట్టి అదొక జబ్బని మాకు వెంటనే తట్టలేదు. ఒక సాయంత్రం కూరలావిడ వెళ్లిపోతుంటే ఆవిడ వెనకే సంచి మోసుకుంటూ వీధి చివరి దాకా వెళ్లాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయారు.

"నాను ఇక్కడుంటే ఆవిడెనక ఎల్లిపోనాడు హైమా" అన్నారు. "నా కొడుకు సన్నాసి అవ్వాల్సిన పనేటి లేదు. నాకు నా కొడుకు కావాలి."

మర్నాడు నేను ఇదంతా చెబితే భ్రమరాంబ గారు ల్యాబులో అందరినీ నిలబెట్టి అడిగారు. "గోళాన్ని ఎవరైనా ఉత్త చేత్తో తాకారా?" అందరూ లేదన్నారు. సన్యాసిరావు కూడా లేదన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు ఆయన. నాకూ ఆ మాట మీద నమ్మకమే. రబ్బరు గ్లవ్స్ లేకుండా ఆ గదిలో ఎవరూ స్క్రూ కూడా తిప్పరు. చుక్క ప్రభావం గోళం పై పొర దాకా పల్చగా వస్తుందనీ, రబ్బరు దాన్ని ఆపుతుందనీ మాకు మొదట్లోనే తెలుసు.

అందరూ వెళ్లాక నేను గోళం ముందు నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియక, మామూలుగా చేసే పనే చేశాను. చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్నాను. దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు గోళానికి ముందువైపు కుంకుమబొట్టు పెట్టాం. ఆ బొట్టుని దగ్గరగా వంగి చూశాను. బొట్టు గుండ్రంగా లేదు. నాలుగు వేళ్లు రోజూ తగిలితే ఎలా అరుగుతుందో అలా ఒక వైపుకి అరిగిపోయి ఉంది.

మా మామగారు లారీ డ్రైవరు. బండి ఎక్కగానే స్టీరింగు మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకునేవారట. సన్యాసిరావుకి ఊహ తెలిసినప్పటి నుంచీ అదే అలవాటు. పుస్తకం తీసినా, స్కూటర్ తీసినా, కొత్త చొక్కా వేసుకున్నా అంతే. పొద్దున్నే ల్యాబుకి రాగానే, గ్లవ్స్ వేసుకునే ముందు, గోళం మీద అరచెయ్యి ఆనించి రెండు కళ్ళకీ అద్దుకునేవాడు. నేను వందసార్లు చూశాను. అది తాకడమని నాకు తోచలేదు, ఆయనకీ తోచలేదు. అది దణ్ణం కదా.

మేడం గదిలోకి వెళ్లి చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు.

"ఫిజిక్సు పీహెచ్‌డీ" అన్నారు, పళ్ళు బిగించి. "మిషన్‌కి బొట్టు పెట్టమని ఎవరు చెప్పారు వీళ్లకి?"

"మీరే మేడం. దసరాకి పంతులుగారిని పిలిపించింది కూడా మీరే."

ఆవిడ కిటికీలోంచి సముద్రం వైపు తిరిగారు. తర్వాత మెల్లగా, ఇది తప్పంటే మనందరిదీ అన్నారు.

ఆ చుక్క ఏ గుణమూ లేకుండా ఉండాలంటే, చుట్టూ ఉన్నవాటిలో తేడాలని తాగుతూ ఉండాలి. థర్మామీటరులోంచి తాగింది, వేడి పలకలోంచీ మంచులోంచీ తాగింది. రోజూ చెయ్యి ఆనించి, ఆ చేత్తోనే కళ్ళు తాకిన మనిషిలోంచి కూడా తాగింది. దారి ఒకసారి ఏర్పడ్డాక ఆయన ఎంత దూరంలో ఉన్నా తాగుతూనే ఉంది. మేడం నాకు చెప్పింది ఇంతే, మిగతాదంతా బోర్డు మీద లెక్కలు.

"గోళం పగలగొడితే?" అని అడిగాను.

"అతనివి అందులో ఉన్నాయి హైమా. పగలగొడితే వాటితోపాటే పోతాయి."

"ఇలాగే వదిలేస్తే?"

ఆవిడ నా కళ్ళలోకి చూడలేదు. "వేడీ చల్లనా పునాది. అది పోయింది కాబట్టి పైనున్నవి ఒక్కొక్కటే కూలుతున్నాయి. ఈపాటికి మనుషుల దాకా వచ్చింది. నిన్నూ పిల్లనీ గుర్తుపట్టడం పోతుంది. తర్వాత…" అని ఆగారు. "ఊపిరి పీల్చడం, వదలడం. అవీ రెండే కదా అమ్మాయ్. ఆ రెంటికీ తేడా పోయిన రోజు శరీరం ఏం చేస్తుందో నాకు తెలియదు."

చుక్క విడిపోతే తాగినవన్నీ తిరిగి ఇచ్చేస్తుందని ఆవిడ నమ్మకం. కానీ దాన్ని విడదీయడం చేతనైతే ఆ పని మేం ఎప్పుడో చేసి ఉండేవాళ్లం.

నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. సన్యాసిరావు కిటికీ పక్కన కుర్చీలో ఉండేవాడు, ముఖంలో బాధ లేదు, సంతోషమూ లేదు. లాస్య వెళ్లి ఒళ్లో కూర్చుంటే దాని తల నిమిరేవాడు. దిండుని ఒళ్లో పెడితే దాన్నీ అలాగే నిమిరేవాడు. నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలియని కోపం. వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆయన చేతి కట్టు మారుస్తున్నాను. మందు రాసి, మండకుండా ఉండాలని అలవాటు కొద్దీ "ఫూ" అని సన్నగా ఊదుతున్నాను. మంట ఆయనకి తెలియదని తెలుసు. అయినా పెదాలు ఊరుకోవు కదా. అంతలో లాస్య బీరువా తలుపు కంటికి తగిలి ఏడుస్తూ వచ్చింది. చున్నీ కొస ఉండలా చుట్టి, నోటికి ఆనించి "హా" అని ఆవిరి పట్టి, దాని కంటి మీద అదిమాను. మా అమ్మ నాకు చేసింది, వాళ్లమ్మ ఆవిడకి చేసింది. మళ్లీ హా, మళ్లీ అదమడం. పిల్ల ఏడుపు ఆపి వెళ్లిపోయింది.

నేను తిరిగి ఆయన చేతి మీదికి వంగాను. నోరింకా హా దగ్గరే ఉంది. ఆ వెచ్చటి గాలి అరచేతి మీద పడింది. పొరపాటు తెలిసి వెంటనే పెదాలు సున్నా చుట్టి ఫూ అని ఊదాను.

"రెండు" అన్నాడు సన్యాసిరావు.

నేను తలెత్తాను. "ఏవంటున్నారు?"

"ఇది ఒకటి. అది ఇంకొకటి." నుదురు ముడుచుకుని తన చేతి వంక చూసుకుంటున్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆ ముఖం మీద ఒక ముడత కనిపించింది. "ఒక్క చోటి నుంచే వస్తున్నాయి. కానీ రెండు."

మళ్లీ ఊదాను. హా. ఫూ. ఆయన నవ్వాడు. నేను ఊదడం ఆపిన కాసేపటికి ఆ నవ్వు వెనక్కి పోయింది. "ఏమిటి?" అని అడిగాడు, నేను ఎవరో కొత్తమనిషినైనట్టు.

ఆ కాసేపు చాలు నాకు. కట్టు సరిగ్గా కట్టకుండానే ఆయన్ని స్కూటర్ ఎక్కించి, జారిపోకుండా నా చున్నీతో నా నడుముకి కట్టుకుని కొండెక్కాను. అత్తయ్య గేటు దాకా వచ్చి, "నాను పిల్లని సూసుకుంటాను, నువ్వెల్లు" అన్నారు. ఎక్కడికి, ఎందుకు అని అడగలేదు.

భ్రమరాంబ గారు నేను చెప్పింది నిలబడే విన్నారు. విన్నాక కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"మనం ఇన్నాళ్లూ వేడిని ఒక చోటి నుంచి, చలిని ఇంకో చోటి నుంచి తెచ్చాం మేడం" అన్నాను. "రెంటినీ దాని ముందు పెట్టి, చూడు ఇవి వేరు అన్నాం. వేరంటే ఏమిటో తెలియనిదానికి ఆ మాట ఎలా ఎక్కుతుంది? ఒకటే రెండు కావడం దానికి ఎవరూ చూపించలేదు."

"ఊపిరి" అన్నారు ఆవిడ. కాసేపటికి మళ్లీ, "మూడోవాడు చెప్పింది ఇదే. నోరు తెరిచి వదిలితే గాలి వెచ్చన, పెదాలు బిగించి ఊదితే చల్లన. అదే గాలి పల్చబడితే నిప్పు, చిక్కబడితే నీరూ మట్టీ. నేను క్లాసులో ఈ ముక్క చెప్పి పిల్లల్ని నవ్వించేదాన్ని. ఇంతోటి దానికి తత్వవేత్త కావాలా, మా వంటమనిషి చాలదా అని." ఆవిడ తన అరచెయ్యి నోటి దగ్గర పెట్టుకున్నారు. హా అని ఒకసారి, ఫూ అని ఒకసారి. చిన్నపిల్లలా మళ్లీ చేశారు. "వాడు కిందికి దిగలేదే. గురువు వదిలేసిన చోటికి వెళ్లి తలుపు తీశాడు."

"మరి చేద్దామా?"

"గోళంలోకి నోటి గాలి పోతే చుక్క పాడవుతుంది హైమా. విడిపోకపోతే మరి మిగలదు. మళ్లీ తయారు చేసే ఓపిక నాకు లేదు." ఆవిడ సన్యాసిరావు వైపు చూశారు. అతను బల్ల మీది పేపర్‌వెయిట్‌ని నిమురుతున్నాడు. "ఇంకో సంగతి. ఊదేవాళ్ల నోటికీ చుక్కకీ మధ్య రబ్బరు ఉండదు. అది నీలోంచి కూడా తాగుతుంది. నేను ఊదుతాను."

"నేల మీద ఎంత గబగబా నడిచినా, రెండంతస్తులెక్కితే మీకు ఆయాసం మేడం" అన్నాను. "గాలి పోకుండా ఇన్నేళ్లు కాపలా కాసింది నేను. ఆ గొట్టం ఎంత తిప్పితే ఎంత గాలి పోతుందో నా చేతికి తెలుసు."

ఆవిడ లేచి గోళం ఉన్న గది వైపు నడిచారు.

గోళం కింద, గాలి లాగేయడానికి పెట్టిన సన్నటి గొట్టం ఒకటుంది. దానికి రోజూ నేనే సీలు వేస్తాను. ఆ సీలు నా చేత్తో నేనే తీశాను. సన్యాసిరావు మంచి చేతిని గోళం మీద, అరిగిన బొట్టు పక్కన ఆనించాం. గొట్టం నోట పెట్టుకుని, మర అర చుట్టు తిప్పి, నోరంతా తెరిచి హా అని వదిలాను. తర్వాత పెదాలు బిగించి ఫూ.

మొదట ఏమీ కాలేదు. ఆ తర్వాత నాకు గొట్టం లోహం చల్లగా ఉందన్న సంగతి పోయింది. వెచ్చగా అనిపించలేదు, ఉంది, అంతే. గదిలో దీపం వెలుగుతోందో ఆరిందో తెలియలేదు. నా చెయ్యి ఏది, గొట్టం ఏది అన్నది పోయింది. భయం కూడా పోయింది. దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. లాస్య అన్న పేరు ఎక్కడో ఉంది, అది నేనో ఆ పిల్లో తెలియలేదు. ఊపిరి లోపలికి వెళ్తోందో బయటికి వస్తోందో తెలియక ఆగిపోయింది.

అప్పుడు వీపు మీద ఎవరో చరిచారు.

"హా అను" అంది ఒక గొంతు. అక్షరాలు దిద్దించే గొంతు. "హైమవతీ, నోరు తెరు. హా. ఊఁ, ఇప్పుడు మూయి. ఫూ. మళ్లీ. హా."

ఆ గొంతు చెప్పినట్టు చేశాను. ఎందుకు చేస్తున్నానో తెలియకుండానే చేశాను. హా. ఫూ. హా. ఫూ. ఎన్నిసార్లో నాకు తెలియదు. ఒక హా దగ్గర నా పెదాలకి వెచ్చదనం తగిలింది. ఇది వెచ్చన అనుకున్నాను. అనుకోగానే గొట్టం చల్లగా అయ్యింది.

"ఆపు" అన్నారు మేడం. "ఆపి చూడు."

చుక్క లేదు. అది ఉన్న చోట సన్నటి వెలుగు పైకి లేస్తోంది, కింద పల్చటి మంచుతెర దిగుతోంది. రెంటి మధ్యా ఒక వలయం నెమ్మదిగా తిరుగుతోంది. వలయం అక్కడక్కడ తెగి చిన్నచిన్న నిప్పుకణాలయ్యింది. ఒక్కో కణం చుట్టూ ధూళి, ధూళి మీద తడి. ఏదో ఒక కణం పక్కన, ఆవగింజలో వెయ్యో వంతు ఉండే ఒక బిందువు నీలంగా మెరిసింది. అది నా భ్రమ కావచ్చు. పాలు పొంగేంతసేపు ఉన్నాయి అవన్నీ. మేడం కళ్ళజోడు తీసేసి, ముక్కు గోళానికి ఆనేంత దగ్గరగా వంగి, రెప్ప వెయ్యకుండా చూశారు. తర్వాత వెలుగు తగ్గింది, తెర దిగింది, అంతా కలిసి గోళం అడుగున ఒక బొట్టుగా నిలిచింది.

"అమ్మా" అన్నాడు సన్యాసిరావు.

ఇద్దరం తిరిగాం. ఆయన గోళం మీద చెయ్యి తీసేసి, కాలిన చేతిని పొట్టకి అదుముకుని వంగిపోయాడు. ముఖం ఎర్రబడింది. కళ్ళలోంచి నీళ్లు కారుతున్నాయి.

"చెయ్యి మండిపోతోంది హైమా. ఏం చేశావే నా చేతికి? కట్టు ఇలాగేనా కట్టేది?"

అంత మంచి తిట్టు నేను నా జీవితంలో వినలేదు. అక్కడే కింద కూర్చుని ఏడ్చేశాను. ఏడుస్తూనే ఆయన చెయ్యి పట్టుకుని ఫూ అని ఊదాను. "చల్లగా ఉంది, ఆపకు" అన్నాడు.

గోళం అడుగున మిగిలిన బొట్టుని మేడం పరీక్షకి పంపారు. ఉత్త నీళ్లు, కాస్త ఉప్పు. ఆ కాగితం చూసి పగలబడి నవ్వారు ఆవిడ. "చివరికి పెద్దాయన దగ్గరికే వచ్చాం చూడు. థేలీజ్ ఎక్కడున్నా మీసం మెలేస్తూ ఉంటాడు." ఆ నీటిబొట్టుని ఆవిడ పారబోయలేదు. సన్నటి గాజు గొట్టంలో పెట్టి, బల్ల మీద, కళ్ళకి ఎదురుగా ఉంచుకున్నారు. ఇన్నేళ్ల పని అదొక్కటే మిగిలింది. బాధగా ఉందా అని ఒకసారి అడిగాను. "ఉంది" అన్నారు. "కానీ చూశాను కదే. అడిగినవాళ్లెవరూ చూడలేదు." ఇప్పుడు మళ్లీ క్లాసులు చెబుతున్నారు. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి పిల్లలందరి చేతా అరచేతిలో ఊదిస్తారట. మిషన్లున్న గదుల్లో కుంకుమబొట్టు గుమ్మానికి మాత్రమే పెట్టాలని గట్టిగా రూలు పెట్టారు.

సన్యాసిరావుకి అన్నీ ఒకేసారి తిరిగి రాలేదు. వారానికొకటి చొప్పున వచ్చాయి, కొన్ని ఇంకా రాలేదు. ఇప్పటికీ చెప్పులు తిరగేసి వేసుకుంటాడు. సందులోకి ఎడమకి తిరగమంటే కుడికి తిరిగి, తప్పు నాదంటాడు. పొద్దున స్కూటర్ తీసేటప్పుడు చెయ్యి హ్యాండిల్ దాకా వెళ్లి ఆగుతుంది. నా వైపు చూస్తాడు. "అది స్కూటరే, పెట్టుకో" అంటాను. అప్పుడు తాకి కళ్ళకద్దుకుంటాడు. హారన్ మాత్రం మద్దిలపాలెం అంతా వినిపించేలా కొడుతున్నాడు.

నాకూ ఒకటి పోయింది. మా ఇంటి దగ్గర కాచే రెండు జామచెట్ల కాయల రుచికి తేడా చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు చెప్పలేను. దానికేం, రెండూ తింటాను.

రుచులు ఆయనకి అన్నిటికన్నా ఆలస్యం చేశాయి. ఏం పెట్టినా తినేవాడు, ఎలా ఉందంటే బాగుందనేవాడు. ఆ బాగుంది అన్న మాట వినగానే నేనూ అత్తయ్యా ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం. పులుపు పెంచి చూశాం, కారం పెంచి చూశాం. ఇంట్లో మిగతావాళ్ల నోళ్లు మండాయి తప్ప ఏమీ కాలేదు.

మళ్లీ ఉగాది వచ్చింది. ఈసారి వేపపువ్వు నేనే వేశాను, ఒక్కసారే వేశాను, అత్తయ్య పక్కన నిలబడి చూశారు. భ్రమరాంబ గారిని కూడా పిలిచాం. ఆవిడ లాస్య పక్కన పీట మీద కూర్చుని, ఈ రోజే సృష్టి మొదలైందంటారు తెలుసా అని దానికి చెబుతున్నారు. "మీరు చూశారా?" అని లాస్య అడిగింది. "కొంచెం" అన్నారు ఆవిడ.

సన్యాసిరావు చేతికి గిన్నె ఇచ్చాను. ఎవరూ అతని వైపు చూడనట్టు కూర్చున్నాం. అత్తయ్య కొంగు వేలికి చుట్టుకుంటున్నారు. ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. ఇంకో చెంచా తీసుకోబోయి ఆగాడు. ముఖం మెల్లగా వంకర తిరిగింది.

"ఏంటే ఇది?" అన్నాడు. "చేదు. బెల్లం ఇంట్లో లేదా? ఏటా ఇదే వరస నీతో."

అత్తయ్య లేచి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లారు. బెల్లం డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.

"ఉండండి" అన్నాను. "తెస్తున్నారు."